నౌక్రీ, లింక్డ్‌ఇన్‌లో రెజ్యూమె పెట్టి మూడు నెలలైనా కాల్స్ రాకపోతే ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్నను కుదించి చెప్పుకుంటే ఇది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మూడున్నరేళ్ల అనుభవం. కంపెనీ హైదరాబాద్‌దే గానీ ఇంటి నుంచి పని కాబట్టి తెనాలిలో ఉంటున్నారు. ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీదకు వచ్చారు, అంటే జీతం వస్తోంది గానీ చేతిలో ప్రాజెక్టు లేదు. నౌక్రీలో, లింక్డ్‌ఇన్‌లో రెజ్యూమె పెట్టి మూడు నెలలైంది. ఎనభైకి పైగా ఉద్యోగాలకు అప్లై చేస్తే వచ్చినవి రెండే కాల్స్, అందులో ఒకటి ఇన్సూరెన్స్ పాలసీ అమ్మేవాళ్లది. "ఇలా ఆన్‌లైన్‌లో పెడితే అసలు ఉద్యోగాలు వస్తాయా? ఓపెన్ టు వర్క్ పెడితే మా మేనేజర్‌కి తెలిసిపోతుందా? డబ్బులు కట్టి రెజ్యూమె రాయించుకోవాలా? ఫేస్‌బుక్, ఇన్‌స్టా కూడా చూస్తారా?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. వస్తాయి. మేం ఉద్యోగంలోకి తీసుకునేవాళ్లలో చాలామంది అలా దొరికినవాళ్లే. మీకు రాకపోవడానికి నాకు మీ అనుభవం మీద అనుమానం లేదు. ప్రొఫైల్‌లో ఊరు తెనాలి అని, నోటీసు పీరియడ్ (రాజీనామా ఇచ్చాక పని చేయాల్సిన గడువు) 90 రోజులు అని ఉండటం మీదే నా మొదటి అనుమానం. ఆ తర్వాతే మిగతావి. డబ్బులు కట్టనక్కర్లేదు. ఉద్యోగం వెతుకుతున్నానని లింక్డ్‌ఇన్‌లో తెలిపే ఓపెన్ టు వర్క్ పెట్టుకోవచ్చు, ఫొటో చుట్టూ ఆకుపచ్చ రింగు మాత్రం ఇప్పుడే వద్దు. ఫేస్‌బుక్ సంగతి చివర్లో చెప్తాను.

నేనెవరో కూడా చెప్పాలి కదా. 2009లో అమీర్‌పేటలో ఓ చిన్న కన్సల్టెన్సీలో రిక్రూటర్‌గా చేరాను. ఆ ఏడాది జనవరిలోనే సత్యం లెక్కల గొడవ బయటపడింది. హైదరాబాద్‌లో ఎవరి ఇన్‌బాక్స్ తెరిచినా రెజ్యూమెలే. ప్రింట్లు తీసి కుర్చీ పక్కన గుట్టలుగా పోసుకునేవాళ్లం. ఇప్పుడు గచ్చిబౌలిలో ఓ కంపెనీకి నియామకాలు చూస్తున్నాను. ఆ గుట్ట కంప్యూటర్‌లోకి మారింది గానీ, అడుగున పడినవాళ్ల అవస్థ మాత్రం అలాగే ఉంది.

మా తెర మీద ఏం కనిపిస్తుంది

రెజ్యూమె అప్‌లోడ్ చేస్తే ఎవరో ఒకరు కూర్చుని చదువుతారని చాలామంది అనుకుంటారు. చదవడం చాలా తర్వాతి మాట, ముందు వెతుకుతాం. నౌక్రీలో మీరు చూసే పేజీ వేరు. మాలాంటివాళ్లు డబ్బు కట్టి వాడేది వేరు, దాన్ని రెస్‌డెక్స్ అంటారు. అందులో ఒక పెట్టెలో మాటలు కొట్టి, పక్కన గళ్లు నింపి వెతకాలి.

మొన్న మంగళవారం సంగతి చెప్తాను. ఉదయం పదింటికి ఓ మేనేజర్ నుంచి మెయిల్: ఆటోమేషన్ టెస్టర్ కావాలి, మూడు నుంచి ఐదేళ్లు, సెలీనియం, జావా, ఏపీఐ టెస్టింగ్, హైదరాబాద్, నెల లోపు చేరాలి. ఆ మూడు స్కిల్స్, అనుభవం కొడితే వెయ్యికి పైగా వచ్చారు. గత పదిహేను రోజుల్లో సైట్‌లోకి వచ్చినవాళ్లు చాలు అన్నాను, నాలుగు వందలకు దిగింది. ఊరు హైదరాబాద్ అన్నాను, రెండు వందల చిల్లర. నోటీసు నెల లోపు అన్నాను, యాభై మూడు మంది మిగిలారు. ఇదంతా కాఫీ చల్లారేలోపు అయిపోయింది. ఆ యాభై మూడు మందిలో పద్దెనిమిది మందికి ఫోన్ చేశాను. సాయంత్రానికి ఐదుగురికి ఇంటర్వ్యూలు ఖాయమయ్యాయి.

మిగతా వెయ్యి మంది రెజ్యూమెలు బాగున్నాయో లేదో నాకు తెలియదు. తెరవనే లేదు. మీ వివరాలు ఆ వెతుకులాటలో పెట్టి చూడండి. ఊరి దగ్గరో, నోటీసు దగ్గరో మీరు జారిపోతారు. మీ సెలీనియం ఎంత గట్టిదైనా నా వరకు రాదు.

యాభై మూడు మందిని చూసేటప్పుడైనా ఒక్కొక్కరి మీద కన్ను నిలిచేది కొన్ని సెకన్లే. పేరు, కింద ఒక లైన్ హెడ్‌లైన్, ఎన్నేళ్లు, ఎంత సీటీసీ (ఏడాది మొత్తం జీతం), ఏ ఊరు, ఏ కంపెనీ, కీ స్కిల్స్, నోటీసు. ఇవి నచ్చితేనే రెజ్యూమె మీద క్లిక్ చేస్తాం.

ఊరు, నోటీసు

తెనాలి వాళ్ల మీద నాకేం కోపం లేదండీ, మా అత్తగారి ఊరే. కానీ వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలన్న ఉద్యోగానికి "తెనాలి" అని కనబడితే, ఈయన వస్తారో రారో అన్న సందేహంతో చేయి పక్క పేరు మీదకు వెళ్తుంది. మీ ఆఫర్ లెటర్‌లో పని చేసే చోటు హైదరాబాద్ అనే ఉంటుంది కదా, అదే పెట్టండి. లింక్డ్‌ఇన్‌లో కూడా మార్చండి, అక్కడ చాలామంది మర్చిపోతారు. ప్రొఫైల్ సమ్మరీలో "ప్రస్తుతం ఇంటి నుంచి పని, వారం రోజుల్లో హైదరాబాద్ రాగలను" అని ఒక ముక్క రాస్తే దాచినట్టూ ఉండదు. బెంగళూరు, చెన్నై వెళ్లడానికి సిద్ధమైతేనే వాటిని ఇష్టపడే ఊళ్లలో చేర్చండి. అన్ని ఊళ్లూ టిక్ పెట్టేసి, పుణె నుంచి ఫోన్ వస్తే "అమ్మో అంత దూరమా" అనేవాళ్లను రోజుకు ఇద్దరినైనా చూస్తాను.

నోటీసు సంగతి కొంచెం చిక్కు. రాజీనామా ఇవ్వకుండానే "సర్వింగ్ నోటీస్" అని పెట్టేసేవాళ్లు ఉన్నారు. పట్టుబడతారు, ఎందుకంటే మేం అడిగే రెండో ప్రశ్న "లాస్ట్ వర్కింగ్ డే ఎప్పుడు? రిజిగ్నేషన్ యాక్సెప్టెన్స్ మెయిల్ పంపగలరా?" అన్నది. మీకున్న సౌకర్యం ఏమిటంటే మీరు బెంచ్ మీద ఉన్నారు. ప్రాజెక్టు లేనివాళ్లను 90 రోజులు కూర్చోబెట్టి జీతం ఇవ్వడం కంపెనీకీ ఇష్టం ఉండదు. మీ హెచ్‌ఆర్‌ను మెల్లగా అడగండి, ఒకవేళ వెళ్లాల్సి వస్తే ఎన్ని రోజుల్లో వదులుతారని. నెల అంటే ఆ మాట మెయిల్‌లో తీసుకోండి. అప్పుడు ప్రొఫైల్‌లో ధైర్యంగా నెల అని పెట్టుకోవచ్చు. చేతిలో ఆఫర్ లేకుండా రాజీనామా మాత్రం ఇవ్వకండి, "ఇమీడియట్ జాయినర్" అన్న మాట కోసం అంత పని వద్దు.

హెడ్‌లైన్

"హార్డ్‌వర్కింగ్ అండ్ డెడికేటెడ్ ప్రొఫెషనల్, సీకింగ్ ఎ చాలెంజింగ్ పొజిషన్." ఈ లైన్ నేను 2009లో ప్రింట్ల మీద చదివాను, నిన్న తెర మీద కూడా చదివాను. ఈ మాటలతో వెతికే రిక్రూటర్ భూమ్మీద లేడు. మీది ఇలా ఉండాలి: ఆటోమేషన్ టెస్ట్ ఇంజినీర్, 3.5 ఏళ్లు, సెలీనియం, జావా, రెస్ట్ అష్యూర్డ్, పోస్ట్‌మ్యాన్, జెన్‌కిన్స్, బ్యాంకింగ్ ప్రాజెక్టులు. పెట్టేటప్పుడు ఇంగ్లిష్‌లోనే పెట్టండి, ఇక్కడ అర్థం కావడానికి ఇలా రాశాను. లింక్డ్‌ఇన్ హెడ్‌లైన్‌కి 220 అక్షరాల చోటు ఉంది. చాలామంది అక్కడ కంపెనీ ఇచ్చిన హోదా ఒక్కటే వదిలేస్తారు. మీ కంపెనీ మిమ్మల్ని "అసోసియేట్, గ్రేడ్ 2" అంటుంది సరే, బయట ఆ పేరుతో ఎవరు వెతుకుతారు?

స్కిల్స్ ఎలా ఎంచుకోవాలంటే, మీకు నచ్చిన ఉద్యోగ ప్రకటనలు ఓ పది తీసుకోండి. అన్నింట్లో మళ్లీ మళ్లీ వచ్చే మాటలు కాగితం మీద రాయండి. అందులో మీరు చేతులారా చేసినవి మాత్రమే ప్రొఫైల్‌లోకి ఎక్కించండి. చేయనిది పెడితే కాల్ వస్తుంది, నిజమే. ఇంటర్వ్యూలో మూడో నిమిషంలో దొరికిపోతారు, పైగా ఆ కంపెనీ రికార్డులో మీ పేరు పక్కన రిజెక్ట్ అని ఉండిపోతుంది. కొన్ని నెలల దాకా మళ్లీ పిలవరు.

రోజూ ఉదయం తొమ్మిదింటికి నౌక్రీ తెరిచి, సమ్మరీలో ఒక ఫుల్‌స్టాప్ తీసి మళ్లీ పెట్టి సేవ్ చేసే భక్తులు ఉన్నారు. తప్పేం కాదు. పైన చెప్పాను కదా, ఈ మధ్య సైట్‌లోకి వచ్చినవాళ్లను మాత్రమే చూపించమంటాం కాబట్టి కొంత పని చేస్తుంది. వారానికి రెండుసార్లు లాగిన్ అయితే చాలు. ఫుల్‌స్టాప్‌ను అంత హింస పెట్టక్కర్లేదు.

అందమైన టెంప్లేటు చేసే నష్టం

కిందటేడాది ఒక అబ్బాయి రెజ్యూమె వచ్చింది. రెండు కాలమ్స్, ఎడమవైపు నీలం పట్టీలో ఫొటో, స్కిల్స్‌కి చుక్కలు, జావాకి ఐదుకు నాలుగు చుక్కలు. చూడ్డానికి పెళ్లి శుభలేఖలా ఉంది. మా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే ఎడమ కాలమ్‌లో ఒక లైను, కుడి కాలమ్‌లో ఒక లైను కలిపి చదివింది. ఫోన్ నంబర్ వెళ్లి స్కిల్స్‌లో పడింది. కంపెనీ పేరు ఉండాల్సిన చోట "క్రికెట్, పాటలు వినడం" వచ్చింది. అనుభవం గడిలో సున్నా. నేను అనుకోకుండా అసలు ఫైలు తెరిచాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఫ్రెషర్ అనుకుని వదిలేసేవాళ్లం.

మీరే పరీక్ష చేసుకోవచ్చు. మీ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. వరుస తప్పకుండా చదవగలిగేలా వస్తే మా సాఫ్ట్‌వేర్ కూడా చదువుతుంది. గజిబిజిగా వస్తే టెంప్లేటు మార్చండి. ఏమీ రాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ, మాకు తెల్ల కాగితంతో సమానం. ఒకే కాలమ్, మామూలు అక్షరాలు, రెండు పేజీలు. ఫోన్ నంబరును పేజీ హెడర్‌లో కాకుండా మామూలు లైనులో రాయండి.

మన వైపు రెజ్యూమెల్లో ఇంకో అలవాటు ఉంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లైందా లేదా, డోర్ నంబర్‌తో సహా చిరునామా, కొందరైతే ఆధార్, పాస్‌పోర్ట్ నంబర్లు కూడా. చివర్లో "పై వివరాలన్నీ నిజమని ప్రమాణపూర్వకంగా" అంటూ ఒక డిక్లరేషన్, కింద సంతకం. కాలేజీలో ప్లేస్‌మెంట్ సార్ ఇచ్చిన ఫార్మాట్ అది, ఎవరూ మార్చరు. అన్నీ తీసేయండి. నౌక్రీలో మీ రెజ్యూమె ఎవరెవరి చేతికి వెళ్తుందో మీకు పూర్తిగా తెలియదు. ఇన్సూరెన్స్ వాళ్లకు మీ నంబర్ ఎలా దొరికిందనుకుంటున్నారు? వీలైతే ఉద్యోగాల కోసం వేరే సిమ్, వేరే ఈమెయిల్ పెట్టుకోండి. ఆ ఈమెయిల్ కూడా ఇంటర్‌లో పెట్టుకున్న "ప్రిన్స్143" లాంటిది కాకుండా పేరు ఉండేలా చూడండి.

పేరు అన్నాను కాబట్టి ఇది కూడా. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ ఒక్కోచోట ఒక్క అక్షరమే. టెన్త్ మెమోలో ఒకలా, పాన్‌లో ఇంకోలా, లింక్డ్‌ఇన్‌లో ముద్దుపేరు. ఆఫర్ వచ్చాక వెరిఫికేషన్‌లో దీని మీద వారం రోజులు మెయిళ్లు నడుస్తాయి. టెన్త్ మెమోలో ఉన్న పేరే అన్నిచోట్లా పెట్టండి.

లోపలి మాటలు

"రెస్పాన్సిబుల్ ఫర్ టెస్టింగ్" అంటే నాకేం తెలుస్తుంది? టెస్టర్ టెస్టింగ్ చేయక వంట చేస్తారా? మొన్న మాకు వచ్చిన ఒకామె రెజ్యూమెలో లైను ఇలా ఉంది: "420 రిగ్రెషన్ కేసులు (మార్పుల తర్వాత పాతవి చెడలేదని చూసే పరీక్షలు) చేత్తో నడపడానికి రెండు రోజులు పట్టేది, 300 ఆటోమేట్ చేశాక ఐదు గంటల్లో అవుతోంది." ఇంటర్వ్యూలో మేనేజర్ అరగంట ఆ ఒక్క లైను మీదే మాట్లాడాడు. ఆ మిగిలిన 120 ఎందుకు ఆటోమేట్ చేయలేదు అని అడిగితే ఆమె చెప్పిన కారణానికే ఉద్యోగం వచ్చిందంటాను నేను. మీ దగ్గరా ఇలాంటివి రెండు మూడు ఉంటాయి. మీ పాత స్టేటస్ మెయిళ్లు తిరగేస్తే దొరుకుతాయి, బెంచ్ మీద ఖాళీ ఉంది కదా. క్లయింటు పేరు, లోపలి స్క్రీన్‌షాట్లు మాత్రం బయట పెట్టకండి, అది వేరే తలనొప్పి.

చాట్‌జీపీటీతో రాయించుకోవడం తప్పు కాదు. ఇంగ్లిష్ సరిదిద్దడానికి వాడండి. కానీ ఏమీ ఇవ్వకుండా మొత్తం రాసిపెట్టమంటే అందరికీ ఒకే రెజ్యూమె వస్తుంది. ఒకే రోజు ముగ్గురు "రిజల్ట్స్-డ్రివెన్ ప్రొఫెషనల్స్" మాకు తగిలారు, సమ్మరీ దాదాపు పొల్లుపోకుండా ఒకటే. డబ్బులు తీసుకుని రెజ్యూమె రాసే సర్వీసుల మీద కూడా నా అభిప్రాయం ఇంతే. మీ 420 కేసుల సంగతి వాళ్లకు తెలియదు.

మీరు రాసిన కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ లింకు ఇస్తే నేను తెరుస్తాను. అందులో వేరేవాళ్ల కోర్సు కోడ్ కాపీ మాత్రమే ఉంటే లింకు లేకపోవడమే నయం. చిన్న ఫ్రేమ్‌వర్క్ అయినా మీరు రాసింది, ఎలా నడపాలో పది లైన్ల రీడ్‌మీతో ఉంటే చాలు.

లింక్డ్‌ఇన్ సంగతి

ఓపెన్ టు వర్క్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి అందరికీ కనబడేది, ఆకుపచ్చ రింగుతో. రెండోది రిక్రూటర్లకు మాత్రమే కనబడేది. మీరు రెండోది పెట్టుకోండి. అందులో మీ కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండా చూస్తామని లింక్డ్‌ఇన్ అంటుంది, పూర్తి హామీ ఇవ్వలేమని కూడా అదే చెప్తుంది. ఆ రెండో ముక్క ఎవరూ చదవరు. నౌక్రీలో కూడా మీ కంపెనీకి కనబడకుండా బ్లాక్ చేసుకోవచ్చు. అయినా నా కళ్లముందు ఒకటి జరిగింది. కన్సల్టెన్సీలో ఉన్నప్పుడు ఒక క్లయింటు అడిగితే పది రెజ్యూమెలు పంపాను, అందులో ఒకటి ఆ క్లయింటు ఉద్యోగిదే. అదే గ్రూపులో వేరే పేరుతో ఉన్న కంపెనీలో పనిచేస్తున్నాడు కాబట్టి నాకు తట్టలేదు. అతని మేనేజర్‌కి చేరింది. ఉద్యోగం పోలేదు గానీ ఆ ఏడాది హైక్ పోయింది. ఆ తప్పు నాది, ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కాబట్టి ఎవరైనా కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేస్తే "ఏ కంపెనీకి పంపుతున్నారు?" అని అడిగి, తెలిశాకే సరే అనండి.

ప్రొఫైల్ మార్చే ముందు, మార్పుల కబురు మీ నెట్‌వర్క్‌కి పోయే సెట్టింగ్ ఆపేయండి. ఒకేరోజు ఫొటో, హెడ్‌లైన్, పది స్కిల్స్ మారితే మీ టీమ్‌లో అందరికీ విషయం అర్థమవుతుంది.

రిక్రూటర్ల పోస్టుల కింద "ఇంట్రెస్టెడ్" అని రాయడం మానేయండి. నేను ఒక ఉద్యోగం పోస్ట్ చేస్తే తొమ్మిది వందల "ఇంట్రెస్టెడ్"లు, మధ్యలో "సీఎఫ్‌బీఆర్" అనే మంత్రం. అదేమిటో తెలియనివాళ్ల కోసం, పోస్టు ఎక్కువమందికి చేరాలని పెట్టే కామెంట్ అది. వాటన్నిటినీ ఎవరు తెరిచి చూస్తారు? పోస్టులో లింకు ఉంటే అందులో అప్లై చేయండి, మెయిల్ ఉంటే మెయిల్ పెట్టండి.

మీ ఎనభై అప్లికేషన్లలో ఎక్కువ భాగం ఈజీ అప్లై నొక్కినవే అయ్యుంటాయని నా ఊహ. అంత తేలిక కాబట్టే ఒక్కోదానికి వందల మంది వస్తారు. దానికంటే గట్టి దారి రిఫరల్, అంటే ఆ కంపెనీలో పనిచేసేవాళ్లే మీ పేరు చెప్పడం. ఉద్యోగం కనబడగానే ఆ కంపెనీలో మీ కాలేజీవాళ్లు, పాత టీమ్‌వాళ్లు ఎవరున్నారో లింక్డ్‌ఇన్‌లో వెతకండి. ఆ సైట్ అసలు ఉపయోగం నా దృష్టిలో ఇదే. మొహమాటపడక్కర్లేదు, చాలా కంపెనీల్లో రిఫర్ చేసినవాళ్లకు బోనస్ ఇస్తారు, వాళ్లూ మంచి మనిషి కోసం చూస్తుంటారు. కానీ "హాయ్ సర్, ఎనీ ఓపెనింగ్స్?" అంటే జవాబు రాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే వాళ్లు గంట పని చేయాలి. ఇలా రాయండి:

"అన్నా, నేను మన కాలేజీ 2021 బ్యాచ్. ఆటోమేషన్ టెస్టింగ్‌లో మూడున్నరేళ్లు, బ్యాంకింగ్ ప్రాజెక్టు. మీ కంపెనీలో ఫలానా జాబ్ ఐడీ చూశాను, నా పనికి దగ్గరగా ఉంది. రెజ్యూమె పంపమంటారా? వీలు కాకపోయినా ఫర్వాలేదు."

జాబ్ ఐడీ తప్పనిసరి. ఉచిత లింక్డ్‌ఇన్ ఖాతాకు కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు ఇలాంటి సందేశాలు నెలకు కొన్నే పంపనిస్తారు కాబట్టి చూసుకుని వాడండి. కాలేజీ వాట్సాప్ గ్రూపు ఉంటే అది ఇంకా మంచిది. డబ్బు కట్టి లింక్డ్‌ఇన్ ప్రీమియం తీసుకోవాలా అంటే: ముందు ఊరు, నోటీసు, హెడ్‌లైన్ సరిచేసి ఒక నెల చూడండి. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే ఉచిత ట్రయల్ వాడి, కార్డు నుంచి డబ్బు కట్ కాకముందే రద్దు చేసుకోండి.

అన్నిచోట్లా ఒకే కథ ఉండాలి

దీన్ని మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. నౌక్రీలో ఒక తేదీ, లింక్డ్‌ఇన్‌లో ఇంకో తేదీ, చేతిలో రెజ్యూమెలో మూడో తేదీ ఉంటే, నాలుగోది మీ యూఏఎన్‌లో (పీఎఫ్ ఖాతా నంబరు) ఉంటుంది. అందరూ చివరికి నమ్మేది దాన్నే. వెరిఫికేషన్ వాళ్లు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతారు. 2022 సెప్టెంబరులో విప్రో మూడు వందల మందిని పక్క ఉద్యోగం చేస్తున్నారని తీసేశామని ప్రకటించాక, మా దగ్గర తేదీల మీద చూపు ఇంకా పదునెక్కింది.

మూడేళ్ల కిందట ఒక అబ్బాయికి ఆఫర్ ఇచ్చాం. మంచి టెస్టర్. కోవిడ్ ఏడాది ఉద్యోగం లేదు, ఆ గ్యాప్ కనబడకూడదని అమీర్‌పేటలో ఎవరి దగ్గరో ఒక కంపెనీ పేరుతో ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొన్నాడు. రెజ్యూమెలో పెట్టాడు, లింక్డ్‌ఇన్‌లో మార్చడం మర్చిపోయాడు. అక్కడ ఆ ఏడాది ఖాళీగానే ఉంది. పీఎఫ్‌లో కూడా ఏమీ లేదు. ఆఫర్ వెనక్కి తీసుకున్నాం. అప్పటికే పాత కంపెనీలో రాజీనామా ఇచ్చేశాడు. ఫోన్‌లో వాళ్ల నాన్నగారు మాట్లాడారు, నేను ఏం చెప్పగలను?

అదే సంవత్సరం ఇంకొకాయన లింక్డ్‌ఇన్‌లోనే రాసుకున్నాడు, "తండ్రి వైద్యం కోసం పదకొండు నెలల విరామం" అని. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న వేశారు, ఇప్పుడెలా ఉన్నారు అని. అయిపోయింది. ఇప్పుడు మా దగ్గరే టీమ్ లీడ్.

ఫేస్‌బుక్, ఇన్‌స్టా

మామూలు టెస్టింగ్ ఉద్యోగానికి మేం కూర్చుని మీ ఇన్‌స్టా తిరగేయం, అంత తీరిక లేదు. పేరు గూగుల్‌లో కొట్టే మేనేజర్లు ఉన్నారు. సినిమా హీరోల గొడవలు, పార్టీల గొడవల్లో మీరు పెట్టిన బూతులు మీ అసలు పేరుతో ఉంటే సర్దుకోండి. లింక్డ్‌ఇన్‌లో మాత్రం మీరు పెట్టే ప్రతి కామెంటూ చూస్తాం, కనబడుతుంది కాబట్టి. ఒక ఇంటర్వ్యూ బాగా జరగలేదని ఇంటర్వ్యూ చేసినవాళ్లను తిడుతూ రాత్రికి రాత్రే పోస్టు పెట్టిన ఒకాయనను, సెలెక్ట్ చేసి ఉంచినవాళ్లం వదులుకున్నాం. ఆయనకు ఆ విషయం ఇప్పటికీ తెలియదు.

అమెరికా ఆలోచన ఉంటే లెక్క వేరు. 2019 నుంచి వీసా ఫారం డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతున్నారు. 2025 డిసెంబరు నుంచి హెచ్-1బీ (ఉద్యోగ వీసా), హెచ్-4 (వాళ్ల కుటుంబ వీసా) వాళ్ల ప్రొఫైళ్లు పబ్లిక్‌గా పెట్టుకోమంటున్నారు. లింక్డ్‌ఇన్‌లో ఒక ఉద్యోగం, వీసా పిటిషన్‌లో ఇంకో ఉద్యోగం కనిపిస్తే అక్కడ మీకు సర్దిచెప్పే హెచ్‌ఆర్ ఉండరు.

మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చే దొంగలు

రెజ్యూమె బయట పెట్టాక మంచి కాల్స్ కంటే ముందు ఇవే వస్తాయి. టెలిగ్రామ్‌లో రేటింగ్ ఇస్తే రోజుకు రెండు వేలు అనేవాళ్లు, రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవాళ్లు, ల్యాప్‌టాప్ డిపాజిట్ అడిగేవాళ్లు. హైదరాబాద్‌లో ఇంకో రకం ఉంది, బ్యాక్‌డోర్ ఉద్యోగం. రెండు మూడు లక్షలు కట్టించుకుని, ఐడీ కార్డు ఇచ్చి, రెండు నెలలు జీతం కూడా వేసి, ఒక సోమవారం పొద్దున వెళ్లేసరికి ఆఫీసుకు తాళం. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మీ దగ్గర రూపాయి కూడా అడగరు. అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

విదేశీ డేటా ఎంట్రీ ఉద్యోగాలంటే ఇంకా జాగ్రత్త. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా ముఠా సంగతి గుర్తుందా, మన కుర్రాళ్లను డేటా ఎంట్రీ అని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు. విదేశానికి పంపే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. లైసెన్సు ఉన్నవాళ్లు కూడా ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు. ఎవరికైనా డబ్బు కట్టేసి మోసపోయామని తెలిస్తే సిగ్గుపడి ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇవాళ రాత్రికి ఊరు మార్చండి, రేపు ఆఫీసు వేళల్లో హెచ్‌ఆర్‌తో నోటీసు సంగతి మాట్లాడండి. నోట్‌ప్యాడ్ పరీక్షకు రెండు నిమిషాలు. కావాలంటే మీ హెడ్‌లైన్, కీ స్కిల్స్ ఇక్కడే కింద రాయండి, ఆదివారం తీరికగా చూసి ఏం తీసేయాలో చెప్తాను. కంపెనీ పేరు, ఫోన్ నంబర్ మాత్రం ఇక్కడ రాయకండి. మీ మేనేజర్ కూడా తెలుగాయనే అన్నారుగా.